ఆగో అంటే ఆమే

బెక్వాయ్ పాత లారీ స్టేషన్ వెనక, వేపచెట్టు కింద నీలం రంగు కంటెయినర్ కొట్టు ఒకటి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ నడవరు. తప్పనిసరైతే ఇటుపక్క మురిక్కాలవ దాటి, నా పొయ్యి వెనక నుంచి చుట్టూ తిరిగి పోతారు. నా నిప్పుల్లో కాలు పెట్టినవాళ్ళున్నారు గానీ ఆ కొట్టు మెట్టు మీద కాలు పెట్టినవాళ్ళు లేరు.

ఎందుకంటే... అది పిలుస్తుంది.

ఏమని పిలుస్తుందో చెప్తే భయం ఎందుకో మీకే తెలుస్తుంది. మా దగ్గర ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట నిలబడి "ఆగో" అంటాం. లోపలివాళ్ళు "ఆమే" అంటారు. అప్పుడే లోపల అడుగు పెట్టాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఆగో అనరు. ఎందుకంటారు, వాళ్ళు లోపలే ఉన్నారు కదా.

ఆ కొట్టుకు బయట తాళం. ఏడాదిగా లోపల మనిషి లేదు. అయినా పొద్దుగూకాక ఎప్పుడు కరెంటు పోయినా, తిరిగి వచ్చిన మరుక్షణం, ఆ ఇనప డబ్బా లోపలి నుంచి ఒక ఆడగొంతు —

"ఆగో..."

ఒక్కసారే. ఆ తర్వాత ఏమీ ఉండదు. చప్పుడు లేదు, అడుగులు లేవు.

లోపలి నుంచి ఆగో అంటోందంటే, బయట ఉన్నది ఆమె. లోపల ఉన్నది మనం. మన దగ్గరికి రావడానికి అడుగుతోంది... ఈ మాట మొదట ఎవరన్నారో తెలీదు. అన్న మర్నాటి నుంచి ట్రోట్రో వ్యాన్ల డ్రైవర్లు సాయంత్రం ఆరు దాటితే ఆ చెట్టు కింద బళ్ళు ఆపడం మానేశారు.

కనపడని మనిషి చీకట్లో పిలిస్తే పలకకూడదని మా అమ్మ చెప్పేది. మూడోసారి పిలిస్తేనే పలకాలట. ఆమె మూడుసార్లు పిలవదు. అందుకని ఎవరమూ పలకలేదు.

ఒక పాస్టరు గారు సీసాడు నూనె పట్టుకుని పట్టపగలు వచ్చాడు. తలుపుకు పూశాడు, తాళానికి పూశాడు, మిగిలింది వేపచెట్టుకు పూశాడు. ఇక్కడేమీ లేదు, పొండి అన్నాడు. ఆ సాయంత్రమే కరెంటు పోయింది. వచ్చింది. ఆయన ఇంకా నా దగ్గర అరటికాయ తింటూనే ఉన్నాడు. సగం కాయ ప్లేటులో వదిలేసి పోయాడు. మళ్ళీ రాలేదు.

నా పేరు పొకువా. పద్దెనిమిదేళ్ళుగా అక్కడే అరటికాయలు కాలుస్తున్నాను. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ గొంతు విన్న ప్రతిసారీ తల వంచుకుని నిప్పులు ఊదుకుంటూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. స్టేషన్లో అందరికీ తెలుసు.

ఫోసువాది.

ఆ కొట్టు ఆమెదే. టైపింగ్, జిరాక్స్, పరీక్షల దరఖాస్తులు. వాటన్నిటికన్నా ఎక్కువగా చావులకు పంచే పుస్తకాలు. పోయినవాళ్ళ గురించి కొడుకులూ కూతుళ్ళూ ఏడుస్తూ ఫోన్లో రికార్డు చేసింది తెచ్చిస్తే, గోడకు తగిలించిన రెండు స్పీకర్లలో గట్టిగా పెట్టుకుని మాటకు మాట టైపు చేసేది. ఏడుపు వచ్చినచోట చుక్కలు పెట్టేది. "ఇక్కడ ఎన్ని చుక్కలు పెట్టమంటావే పొకువా, మూడా, ఆరా?" అని నన్ను కేకేసి అడిగేది. ఎవరి ఏడుపో చూసి నేను చెప్పేదాన్ని.

కరెంటు పోతే పని ఆగిపోయేది కాబట్టి బయటికొచ్చి నా బల్ల మీద కూర్చునేది. నా వేరుసెనగ గుళ్ళు సగం ఆమే తినేది. మధ్యమధ్య లేచి, కరెంటు వచ్చిందేమోనని కొట్టులోకి తొంగి చూసి వచ్చేది. కూర్చున్నంతసేపూ అదే తిరుగుడు.

ఊళ్ళో సగం మంది చావు పుస్తకాలు ఆమె చేతివే. ఆమెది మాత్రం కుమాసిలో ఎవడో చేశాడు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది. బుధవారం సాయంత్రం తల నొప్పిగా ఉందని కొట్టు మూయకుండానే ఇంటికి పోయిందట. శనివారానికి మనిషి లేదు. ఆ పది రోజులూ నేను ఊళ్ళో లేను, చెల్లెలి పురిటికి ఒబువాసీ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కొట్టుకు తాళం ఉంది.

ఆ తాళం వేసింది ఆమె భర్త. సర్పాంగ్ మాస్టారు. జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాడు. పొడుగు మనిషి, చొక్కాకు మడత పడనివ్వడు. రోజూ అయిదున్నరకు నా దగ్గరికి వచ్చి రెండు అరటికాయలు తీసుకుంటాడు. ఆమె ఉన్నప్పుడు రెండు. పోయాక కూడా రెండే. రెండోది ఏం చేస్తాడో నేను అడగలేదు. చీకటి పడేలోపు ఇల్లు చేరి వరండాలో లైటు వేయాలి. ఇల్లు చీకటిగా ఉంటే ఫోసువా ఊరుకునేది కాదట.

అంటే, ఊరంతా విన్న గొంతును వినని మనిషి ఆయనొక్కడే. ఆయన ఊళ్ళో ఉంటూనే వినలేదు. మేమెవరమూ చెప్పలేదు. ఏమని చెప్పాలి? మీ ఆవిడ దెయ్యమై తిరుగుతోంది మాస్టారూ అని, రెండు కాయలు పొట్లం కట్టిస్తూ చెప్పనా?

ఆ శుక్రవారం ఆయన అయిదున్నరకే వచ్చాడు గానీ, కాయలు తీసుకుని వెళ్ళలేదు. నా పక్క కొట్టులో లాప్‌టాప్‌లు బాగుచేసే దార్కో ఉన్నాడు కదా, వాణ్ణి పిలిచాడు. దార్కో మంచి పనివాడు. పిరికివాడు కూడా. సాయంత్రం ఆరు కాగానే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు. పాటల కోసం కాదని మా అందరికీ తెలుసు.

"దార్కో, ఆదివారం మా బావమరిది వాళ్ళు వస్తున్నారు" అన్నాడు మాస్టారు. "సంవత్సరీకం అయిపోతే కొట్టులో ఉన్నవన్నీ పట్టుకెళ్తారు."

"అన్నీనా మాస్టారూ?"

"ఆమె వాళ్ళింటి పిల్ల. ఆమె వస్తువులు వాళ్ళవే. దాన్లో తప్పేముంది, మా చెల్లెలు పోతే మేమూ అదే చేశాం. ఆ లాప్‌టాప్ ఒక్కటి వాళ్ళు తీసుకెళ్ళేలోపు ఒకసారి ఆన్ కావాలి. మొన్న మధ్యాహ్నం వెళ్ళి మూత ఎత్తాను. నల్లగా ఉంది. అక్షరాలు నొక్కి చూశాను. ఏమీ లేదు."

"తెచ్చివ్వండి, చూస్తా."

"వాళ్ళు రాకముందు గుమ్మం దాటిస్తే నేను దొంగనవుతాను. నువ్వే లోపలికి రావాలి."

దార్కో నా వంక చూశాడు. నేను అరటికాయ వంక చూశాను.

"రేపు... పగటిపూట వస్తా మాస్టారూ."

"రేపు శనివారం, అంత్యక్రియల రోజు. ఊరంతా చావుల్లో ఉంటుంది, నువ్వూ నల్లబట్టల్లో ఉంటావు. ఉన్నది ఈ సాయంత్రమే."

"అంత అవసరం ఏముంది అందులో?"

ఆయన చొక్కా చేతి మడత సరిచేసుకున్నాడు.

"ఆమె గొంతు ఉంది" అన్నాడు.

నా చేతిలో కాయ నిప్పుల్లో పడింది.

"ఆ మంగళవారం రాత్రి ఫుఫూ ముద్ద తింటూ చెప్పింది. నా గొంతు ఆ పెట్టెలో పెట్టాను, రేపు కొట్టుకొచ్చి విను, నవ్వుతావు అంది. సరే అన్నాను. బుధవారం రేడియోలో ఫుట్‌బాల్ ఉంది. వెళ్ళలేదు." ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "నా ఫోన్లో ఆమెవి మూడొందల ఫోటోలున్నాయి. గొంతు ఒక్కటీ లేదు. ఏడాదయ్యేసరికి జారిపోతోందయ్యా. నిన్న ఆమె తిట్టే తిట్లు గుర్తుచేసుకుందామని కూర్చుంటే, అవన్నీ నా గొంతుతోనే వినిపించాయి."

అప్పుడైనా చెప్పాల్సింది నేను. చెప్పలేదు. దార్కోతో మాత్రం, "వెళ్ళరా తమ్ముడూ, నేను ఇక్కడే ఉంటాగా" అన్నాను. నా నోరు ఎంత తేలిగ్గా అంటుందో చూడండి.

ఇక లోపల జరిగింది దార్కో నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నాను.

తాళం తుప్పు పట్టి ఉంది. తలుపు తెరవగానే ఎండకు కాగిన ఇనుము వాసన, కాగితాల వాసన. బల్బు వేశారు. కుర్చీ వీపున ఆమె సన్న శాలువా ఇంకా అలాగే ఉంది. బల్ల మీద సగం దిద్దిన కాగితం. గోడకు రెండు స్పీకర్లు. వాటి మధ్య మూత దించిన లాప్‌టాప్. వైరు గోడలోకి ఉంది. ప్లగ్గు స్విచ్చి వేసే ఉంది.

దార్కో మూత మీద చెయ్యి వేశాడు. తీసేశాడు.

వెచ్చగా ఉంది.

ఏడాదిగా ఎవరూ వాడనిది... ఇప్పుడే ఎవరో ఒడిలోంచి దించినట్టు వెచ్చగా ఉంది.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు గుసగుసగా. తను ఎందుకు గుసగుసలాడుతున్నాడో ఆయనకే తెలీదు.

"ఎండ... ఎండకు కాగి ఉంటుంది" అన్నాడు దార్కో.

మూత ఎత్తాడు. తెర నల్లగా ఉంది. ఇలాంటి వాటికి చిన్న చిన్న దీపాలుంటాయి కదా, అవీ వెలగలేదు. దగ్గరగా చూస్తే వాటి మీద ఎర్రటి గోళ్ళరంగు పూసి ఉంది. "కళ్ళలో గుచ్చుతున్నాయని తనే పూసింది" అన్నాడు మాస్టారు. చెవి పెట్టి విన్నాడు దార్కో. ఫ్యాను తిరిగే చప్పుడు లేదు. దుమ్ము పట్టి బిగిసిపోయింది.

పని మొదలుపెడితే వాడికి భయం తగ్గుతుంది. బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టాడు. వదిలాడు. ఏమీ లేదు. వైరు పీకాడు. తిరగేసి బ్యాటరీ ఊడదీశాడు. లోపల ఎక్కడైనా కాస్త కరెంటు ఇరుక్కుని ఉంటే పోవడానికి మళ్ళీ బటన్ నొక్కి అరనిమిషం పట్టుకున్నాడు. చచ్చిన లాప్‌టాప్‌లు సగం ఆ ఒక్క పనికే లేచి కూర్చుంటాయట. బ్యాటరీ లేకుండా వైరు మీద చూశాడు. లేవలేదు. వైరు తీసేసి, బ్యాటరీ పెట్టి, దాని మీద చూశాడు.

బటన్ నొక్కాడు.

నల్లగానే ఉంది.

"మాస్టారూ..." అని ఏదో చెప్పబోయాడు.

కరెంటు పోయింది.

ఏడు కూడా కాలేదు గానీ ఆ డబ్బాలో కిటికీ లేదు, తలుపు దగ్గరికి వేసి ఉంది. చెయ్యి కనిపించనంత చీకటి. బయట జనరేటర్లు లేచిన మోత. నేను కూడా అప్పుడే కొవ్వొత్తి వెలిగించాను. నీలం కొట్టు వంక చూసి, కరెంటు ఇప్పుడే రాకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. వాళ్ళు బయటికొచ్చాక రావాలి.

లోపల ఇద్దరూ కదల్లేదు. దార్కో చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. కరెంటు వస్తే ఏం వినిపిస్తుందో వాడికి తెలుసు. ఈసారి వాడు బయట లేడు.

"వెళ్దాం మాస్టారూ. రేపు..."

"రేపు లేదయ్యా."

"అది చచ్చిపోయింది. లేవదు."

"కాసేపు కూర్చో." మాస్టారు ఆమె కుర్చీలో కూర్చున్నట్టున్నాడు, అది కిర్రుమంది. "ఏడాదిగా నేనిక్కడ కూర్చోలేదు. ఆ బుధవారం రావాల్సింది. ఒక్క పూట."

దార్కోకు తన ఫోన్ గుర్తొచ్చింది. ఎడమచేత్తో టార్చి వేశాడు. వెలుతురు పైకప్పు మీద పడింది, గోడ మీద పడింది, జారి అడ్డంగా ఆ నల్ల తెర మీద పడింది.

తెర లోపల... ఒక మొహం.

మసకగా, లోతుగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు. ఆడమనిషి మొహం. తల కొంచెం వంచి, నేరుగా వాడి వంకే చూస్తోంది.

టార్చి పక్కకు తిప్పాడు. మొహం లేదు. మళ్ళీ తిప్పాడు...

ఉంది. నవ్వుతోంది.

"అలాగే పట్టుకో" అన్నాడు మాస్టారు. ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు. "బోసుమ్త్వి చెరువు దగ్గరిది. నేనే తీశాను. ఇదిగో, ఆమె కాళ్ళ దగ్గర పొడుగ్గా పడిందే, ఆ నీడ నాది."

అప్పుడు వెలిగింది దార్కో బుర్రలో. లాప్‌టాప్ చావలేదు. తెర వెనకుండే దీపం ఒక్కటే చచ్చింది. బొమ్మ వస్తూనే ఉంది, చూపించే వెలుతురు లేదు. ఏటవాలుగా టార్చి వేస్తే తప్ప కనపడదు. పనివాడు మొట్టమొదట చేయాల్సిన పరీక్ష అది. భయంలో మరిచిపోయాడు.

"ఆన్‌లోనే ఉంది మాస్టారూ" అన్నాడు, నవ్వూ ఏడుపూ కలిసిపోయి. "ఇందాక నేను నొక్కేముందు కూడా ఆన్‌లోనే ఉండి ఉంటుంది. అందుకే వెచ్చగా ఉంది. ఏడాది పొడుగునా ఇది నడుస్తూనే..."

బల్బు వెలిగింది.

నేను బయట నా చెవులతో విన్నాను. రెండు స్పీకర్లలోంచి, ఇనప గోడలు మోగేలా, ఎప్పటి గొంతే. పక్కింటికి చెంబెడు నీళ్ళకు వచ్చినట్టు, హాయిగా —

"ఆగో..."

దార్కో తలుపు తీసుకుని వచ్చాడో, తలుపే వాణ్ణి వదిలేసిందో, మరుక్షణం వాడు నా బల్ల కింద ఉన్నాడు. నేను తల వంచుకున్నాను. జిలేబీ చేపలు వేయించే ఆవిడ కళ్ళు మూసుకుంది. వీధిలో అందరం ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి, అయిపోతుందని ఎదురుచూశాం.

అప్పుడు, ఏడాదిలో మొదటిసారి, ఆ కొట్టులోంచి జవాబు వినిపించింది.

"ఆమే" అన్నాడు సర్పాంగ్ మాస్టారు.

నా కొవ్వొత్తి ఆర్పడం కూడా మరిచిపోయాను.

కాసేపటికి మళ్ళీ, "ఆగో."

"ఆమే."

మళ్ళీ, "ఆగో."

"ఆమే."

ఎప్పుడూ ఒక్కసారే పిలిచేది కదా... ఇదేమిటి? బల్ల కింది నుంచి దార్కో తల బయటపెట్టాడు. వాడి మొహంలో పనివాడు తిరిగొచ్చాడు. మెల్లగా లేచి వెళ్ళాడు. వాడి వెనక నేను. నా వెనక వీధి.

గుమ్మంలోంచి చూశాం. మాస్టారు ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో శాలువా. ఒక చేత్తో లాప్‌టాప్ పట్టుకుని, రెండో చేత్తో ఛార్జరు వైరు దానికి గుచ్చాడు. "ఆగో" అంది అది. పలికాడు. వైరు పీకాడు. మళ్ళీ గుచ్చాడు.

దార్కో గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వైరు పెట్టగానే ఆ యంత్రాలు టింగ్ అని ఒక చప్పుడు చేస్తాయి, కరెంటు అందిందని. ఆ చప్పుడు తీసేసి ఫోసువా తన గొంతు పెట్టింది. అంతే సంగతి. నా బల్ల మీద కూర్చున్నప్పుడు మాటిమాటికీ లేచి తొంగి చూడక్కర్లేకుండా. కరెంటు చుట్టంలా వచ్చి, గుమ్మంలో ఆగో అంటుంది. నేను ఊళ్ళో లేని ఆ పది రోజుల్లో పెట్టుకుంది. ఉండి ఉంటే మొదటిరోజే నాకు వినిపించి విరగబడి నవ్వేది. ఏడాదిగా ఎవరూ స్విచ్చి తీయలేదు, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది పిలిచింది. పగలూ పిలిచే ఉంటుంది, స్టేషన్లో బండి ఎక్కండని అరిచే మేట్ల కేకల్లో ఎవరికి వినపడుతుంది?

వీధంతా నవ్వింది. చేపలావిడ నవ్వుతూనే ఏడ్చింది. ఏడాది భయం ఒక్కసారి దిగిపోతే అలాగే ఉంటుంది.

నవ్వులు తగ్గాక మాస్టారు తల ఎత్తి మమ్మల్నందరినీ చూశాడు. చివరికి నా దగ్గర ఆగాడు.

"ఇది ముందే విన్నారా మీరు?"

గుమ్మంలో ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నువ్వు విన్నావా పొకువా?"

"విన్నాను మాస్టారూ."

"ఎన్నిసార్లు?"

"కరెంటు వచ్చిన ప్రతిసారీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"రోజూ నీ దగ్గరికి వస్తున్నాను కదా" అన్నాడు. "ఒక్క మాట చెప్పకపోయావు."

ఆయన అడుగుతున్నది దెయ్యం గురించి కాదు. ఆ గొంతు లేక ఆయన కరువులో ఉంటే నేను ధాన్యం బస్తాలు ముందు పెట్టుకుని కూర్చున్నట్టు కూర్చున్నాను, అదీ సంగతి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆదివారం వాళ్ళు వచ్చారు. ఫోసువా అన్నగారు కరుకు మనిషి. కుర్చీ, జిరాక్స్ మిషను, స్పీకర్లు, గోడకున్న మేకులతో సహా రాయించాడు. లాప్‌టాప్ టెచీమాన్‌లో చదువుకునే మేనకోడలికి అన్నాడు. మాస్టారు లేచి, అందులో గొంతు ఉంది, నా ఫోన్లోకి దింపుకోవచ్చా అని అందరి ముందూ అడిగాడు. ఆ కరుకు మనిషి చాలాసేపు నేల చూశాడు. "గొంతులో మాకేం వాటా బావా" అన్నాడు. "అది నీదే."

దార్కో దింపిపెట్టాడు. ఇప్పుడు మాస్టారు ఇంట్లో ఫోన్‌కు వైరు పెడితే ఆమె పలుకుతుంది. ఆయన రోజుకు ఎన్నిసార్లు ఛార్జింగ్ పెడతాడో నేను అడగలేదు.

నీలం కొట్టు ఖాళీ అయింది. జనం మళ్ళీ ఆ ముందు నుంచి నడుస్తున్నారు. పాస్టరు గారు తన నూనె వల్లే అని చెప్పుకుంటున్నాడని విన్నాను, చెప్పుకోనీండి. కరెంటు పోతుంది, వస్తుంది. ఎవరూ పిలవరు. ఏడాది పాటు ఆ పిలుపుకు వణికినదాన్ని, ఇప్పుడు బల్బు వెలగగానే చెవి అటు పారేసుకుని, ఏమీ వినక, నా బల్ల మీద పక్కన ఖాళీ చోటు చూసుకుంటాను. వేరుసెనగ గుళ్ళు సాయంత్రానికి మిగిలిపోతున్నాయి.

కథ ఇక్కడితో అయిపోతే మీకు చెప్పేదాన్ని కాదు.

వానలు మొదలైన వారం. బేరాలు లేవు. దార్కో వచ్చి నా గొడుగు కింద నిలబడ్డాడు. ఏదో చెప్పాలని వచ్చాడని తెలుస్తూనే ఉంది. బొగ్గులు ఎగదోస్తూ ఊరుకున్నాను.

"అక్కా, ఒక సంగతి..."

"చెప్పు."

"ఆ సాయంత్రం నేను బ్యాటరీ మీద చూస్తున్నాను. వైరు పీకేశాను. గుర్తుందా, చెప్పాను కదా."

"చెప్పావు."

"వైరు పెడితేనే అది పిలుస్తుంది."

"అదీ చెప్పావు."

"కరెంటు వచ్చినప్పుడు..." వాడు తన కుడిచేయి చూసుకున్నాడు. "పెట్టలేదక్కా నేను. వైరు కొస నా చేతిలోనే ఉంది. నీ బల్ల కిందికి దూరినప్పుడు చూసుకుంటే వేళ్ళకు దాని అచ్చు పడి ఉంది, అంత గట్టిగా పట్టుకున్నాను. మాస్టారు తర్వాత గుచ్చుతూ పలికించినవన్నీ యంత్రానివి. మొదటిది మాత్రం..."

నేను బొగ్గులు ఎగదోయడం ఆపాను.

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. మాస్టారికి ఎలా చెప్పను? ఆయన నెమ్మదిగా ఉన్నాడిప్పుడు."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అయితే ఒకసారి నోరు మూసుకుని ఏడాది ఏం చేశానో నాకు తెలుసు. మళ్ళీ ఆ పని చేయదలుచుకోలేదు.

మర్నాడు అయిదున్నరకు మాస్టారు వచ్చాడు. రెండు కాయలు పొట్లం కట్టాను గానీ ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుని, దార్కో చెప్పింది చెప్పినట్టు చెప్పేశాను. చెప్తున్నంతసేపూ పొట్లం వంకే చూశాను.

ఆయన విన్నాడు. చేయి చాచి, నా చేతిలోంచి పొట్లం నెమ్మదిగా తీసుకున్నాడు.

"తెలుసు పొకువా" అన్నాడు. "బల్బు వెలగగానే నేను ముందు చూసింది అతని చేతినే. వైరు అందులోనే ఉంది. అది గుచ్చితేనే తన గొంతు పలుకుతుందని ఫోసువా ఆ మంగళవారమే చెప్పింది."

నేను తల ఎత్తాను.

"అందుకే మొదట పలికాను" అన్నాడు. "యంత్రం పిలిచిందనుకుంటే పలకడం ఎందుకు మొదలుపెడతాను?"

చొక్కా సర్దుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరాలని, త్వరత్వరగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.